అరికాలి చుక్క

మా లీలావతి వదినకు ముక్కు మీద కోపమని ఫ్యాక్టరీలో అందరూ అంటారు. తప్పు. ముక్కు మీద కోపం నాది. ఆవిడది మొండితనం. కోపమైతే అరగంటలో దిగుతుంది, టీ తాగితే ఇంకా తొందరగా దిగుతుంది. మొండితనం అలా కాదు. పదకొండేళ్లు ఆవిడకు నాలుగడుగుల దూరంలో కూర్చుని పనిచేశాను, నాకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది?

వదిన అంటున్నానని చుట్టమనుకునేరు. మాది నరసరావుపేట, వాళ్లది తణుకు. ఇద్దరం మొగుళ్ల ఉద్యోగాల వెనకాల ఫరీదాబాద్ వచ్చిపడ్డాం. ఆవిడ భర్త సదాశివరావుగారు ట్రాక్టరు భాగాలు చేసే కంపెనీలో టర్నరు, మా ఆయన ఆ పక్క వీధిలో స్టోర్ కీపరు. బొమ్మల ఫ్యాక్టరీలో ఆడవాళ్లకు పని ఉందని తెలిసి ఒకే వారంలో చేరాం. రెండొందల మందిలో తెలుగు మాట్లాడేది మేమిద్దరమే. మొదటి రోజు మధ్యాహ్నం తన డబ్బాలోని గోంగూర తీసి నా చపాతీ మీద వేసింది. నేను "వదినా" అనేశాను. "తినమ్మాయ్" అంది. అదే మా పరిచయం.

మా దగ్గర జానెడు పొడవు వీరుల బొమ్మలు చేసేవారు. 'తూఫాన్ దళ్' అని ఆరుగురు. మెడ, భుజాలు, మోచేతులు, మోకాళ్లు అన్నీ వంగుతాయి. ఆరుగురికీ కాళ్లకు చెప్పుల్లేవు. బూట్లు వేస్తే ఇంకో అచ్చు చేయించాలని మాలిక్, అదే మా యజమాని, ఖురానా సాబ్ మానిపించాడు. అందువల్ల ప్రపంచాన్ని కాపాడే వీరులు కూడా ఒట్టి కాళ్లతోనే తిరిగేవారు. కళ్లు మాత్రం చేత్తో వేసేవారు. రంగుల విభాగంలో పదిమంది అమ్మాయిలు సన్న కుంచెలతో కూర్చుని ఒక్కొక్కడికీ రెండేసి కళ్లు పెట్టేవారు. ఒకే అచ్చులోంచి వచ్చినా ఏ రెండు మొహాలూ ఒకలా ఉండేవి కావు. ఒకడు కోపంగా, ఒకడు నిద్రమొహంతో, ఒకడు అప్పుడే ఎవరినో గిల్లి వచ్చినట్టు.

వదిన ప్యాకింగ్ లైనుకు ఇన్‌చార్జి. నలభై మంది ఆడవాళ్లు బెల్టుకు ఇటూ అటూ కూర్చుని బొమ్మల్ని పెట్టెల్లో సర్దుతుంటే, ఆవిడ నిలబడి అందరినీ చూసుకునేది. నాది ఆ లైను చివర తనిఖీ బల్ల. రంగు చెదిరినా, గీత పడినా, మచ్చ కనబడినా తీసి ఎర్ర తొట్టెలో పడేయడం నా పని. ఆ తొట్టె నింపడంలో నాకు మంచి పేరుంది. నన్ను చూస్తే రంగుల పిల్లలు దారి తప్పించుకుని వెళ్లేవారు.

చేరిన రెండో ఏడు అనుకుంటా, ఒక రోజు పెట్టెలోకి వెళ్లబోయే బొమ్మను తీసి తిరగేసి చూద్దును కదా, కుడి అరికాల్లో నల్లటి చుక్క! మినపగింజంత ఉంది.

"ఏంటొదినా ఇది? కాలికి మసి!" అన్నాను.

"మసి కాదమ్మాయ్, కాటుక. ఆముదం దీపం పెట్టి నేను పట్టిందే."

"బొమ్మకు కాటుకేంటి?"

"మొహం చూడు ముందు. ఎంత ముద్దొచ్చేత్తన్నాడో చూడు. ఈ లాట్ మొత్తంలో ఇలాంటోడు ఇంకోడు లేడు. రేపు బజారుకెళ్తాడు, పదిమందీ చూత్తారు. దిష్టి తగలదేటి?"

హవ్వ, అనుకున్నాను. కానీ మొహం చూశాను. నిజం చెప్పాలి, ముద్దుగానే ఉన్నాడు. ఎడమ కన్ను కాస్త పైకి జరిగి, వెధవ, నవ్వుతున్నట్టే ఉన్నాడు. మచ్చలు పట్టడానికి జీతం తీసుకునేదాన్ని, ఆ మచ్చను చూస్తూ చూస్తూ పెట్టెలో పెట్టి ముద్ర వేశాను. ఆనాటి నుంచి ఆ నేరంలో సగం నాది.

ఆవిడకో పద్ధతి ఉండేది. లాట్‌కు పన్నెండొందల బొమ్మలు. అందులో ఒక్కడికే చుక్క. ఎవడికన్నది ముందే అనుకునేది కాదు. బెల్టు మీద వరసగా వస్తూ ఉంటారు, ఉన్నట్టుండి ఒకణ్ణి చూసి ఆగిపోయేది. టిఫిను సంచిలోంచి కాటుక భరిణె తీసి, ఉంగరం వేలితో అరికాల్లో ఒత్తి, "వెళ్లిరా నాయనా" అని పంపేది. లైనులో బీహారీ, హర్యానా ఆడవాళ్లు కూడా అది చూసి నవ్వుకునేవారే తప్ప ఎవరూ పైకి చెప్పలేదు. అప్పట్లో పెట్టె నాలుగు వైపులా మూసి ఉండేది, పైన బొమ్మ తాలూకు రంగుల చిత్రం మాత్రం ఉండేది. కొన్న పిల్లలు విప్పి ఆడుకుంటే సాయంత్రానికి చుక్క చెరిగిపోతుంది. ఇంక ఎవరికి తెలుస్తుంది?

ఇలా హాయిగా సాగిపోతుండగా రెండువేల ఆరులో ఖురానా సాబ్ మేనల్లుడు డిజైను చదువు ముగించుకుని దిగాడు. "మూసిన పెట్టెలో బొమ్మను ఎవరు కొంటారు మామాజీ? వస్తువు కళ్లకు కనబడాలి" అన్నాడు. పెట్టె పోయింది. దాని బదులు దళసరి అట్ట, అట్ట ముందు పారదర్శకమైన ప్లాస్టిక్ బుడగ, ఆ బుడగలో బొమ్మ. అట్టను, బుడగను వేడితో అంటించే మెషీను ఒకటి వచ్చింది. లైనులో ఆడవాళ్లు ఆ బుడగకు బుల్బులా అని పేరు పెట్టారు. ఒకసారి అంటుకుంటే అట్ట చింపితే తప్ప బొమ్మ బయటికి రాదు.

అంతవరకు బాగానే ఉంది. ఒక్కో వీరుణ్ణి ఒక్కో భంగిమలో పెట్టాలన్నాడు ఆ అబ్బాయి. ఐదుగురు నిటారుగానో, కత్తి ఎత్తుకునో నిలబడ్డారు. ఆరోవాడు బిజిలీ, మా ఫ్యాక్టరీకి అన్నం పెట్టేవాడు, గాల్లోకి ఎగిరి తన్నుతున్నాడు. కుడి కాలు చాపి, కొనేవాళ్ల మొహం మీదికే! కొట్లో ఆ అట్ట తగిలిస్తే ముందుగా కనబడేది వాడి అరికాలే. శరీరంలో ఇన్ని భాగాలుండగా ఆ మహానుభావుడికి చూపించడానికి అరికాలే దొరికింది.

కొత్త ప్యాకింగ్ తొలి నమూనా లైనులోకి తెచ్చి చూపిస్తే అందరూ చప్పట్లు కొట్టారు. నేను వదిన వైపు చూశాను. ఆవిడ మొహం మాడిపోయింది.

"ఇంక మానెయ్ వదినా, నీకు దణ్ణం పెడతాను" అన్నాను ఆ మధ్యాహ్నం. "పట్టుబడితే ఇద్దరం కలిసి ఇంటికెళ్తాం."

"పోనీ చెంపకు పెట్టనా?"

"పెట్టు. పన్లో పని జడ వేసి పూలు కూడా పెట్టు!"

నవ్వేసింది. మూడు లాట్‌లకు నిజంగానే మానింది. నాలుగోదానికి ఒక బిజిలీ వచ్చాడు. వాడి కళ్లలో ఏముందో నేను చెప్పలేను. బెల్టు పక్కన వదిన కాసేపు చేతులు కట్టుకుని నిలబడింది, ఆ తర్వాత భరిణె తీసింది. నేను తల తిప్పుకున్నాను. ఆ తర్వాత మళ్లీ మామూలే.

దీపావళి వెళ్లిన రెండు వారాలకు, ఒక శుక్రవారం పొద్దున్నే ఖురానా సాబ్ ఒక ఉత్తరం పట్టుకుని లైనులోకి వచ్చాడు. ఉత్తరంతో పాటు నాలుగు ఫోటోలు. నాలుగింటిలోనూ బిజిలీ కుడి అరికాలు, అరికాల్లో నల్లచుక్క. రాసినవాడు ఎవరో గుర్గావ్‌లో ఉద్యోగం చేస్తాడట. ఈ చుక్క ఏమిటో దయచేసి తెలియజేయగలరు, శనివారం స్వయంగా వచ్చి కలుస్తాను అని రాశాడు. ఖురానా సాబ్ హిందీలో అరిచినదంతా మీకు తెలుగులోనే చెబుతాను.

"నా సరుకు మీద మచ్చ! సీలు వేసిన బుల్బులా లోపల మచ్చ! బయటివాడెవడూ పెట్టింది కాదిది. మెషీను నూనె కారుతోంది. రామ్‌ఫల్ ఎక్కడ?"

రామ్‌ఫల్ ఆ సీలు మెషీను మెకానిక్కు. పాపం, అరచేతులు రెండూ చాపి చూపించాడు. "సాబ్‌జీ, మా అమ్మ మీద ఒట్టు, చుక్క నూనె కారదు." ఆయన వినిపించుకోలేదు. "సాయంత్రం లెక్క తీసుకుని వెళ్లిపో" అన్నాడు.

ఇంతలో బెల్టు అవతలి నుంచి వదిన గొంతు. "సాబ్‌జీ, మెషీన్ కా దోష్ నహీఁ. మైఁనే లగాయా." నేనే పెట్టానని చెప్పేసింది. భరిణె తీసి మూత తెరిచి ఆయన ముందు పెట్టింది కూడా.

ఖురానా సాబ్ భరిణెలోకి చూశాడు. ఆయనకు విడమరిచి చెప్పక్కర్లేదు, ఆయన చెంప మీదా వాళ్లమ్మ పెట్టే ఉంటుంది. "కాలా టీకా?" అన్నాడు మెల్లగా. దిష్టిచుక్కకు వాళ్ల మాట అది. ఆ మరుక్షణం మళ్లీ మండిపడ్డాడు. "అది పిల్లలకు పెడతారు లీలాజీ, సరుకుకు కాదు!"

"హమారే లియే బచ్చా హీ హై సాబ్" అంది ఆవిడ, మాకు బిడ్డే కదా అని. ఆ హిందీలో తణుకు అంతా వినబడింది.

ఆయన రామ్‌ఫల్‌ను వదిలేశాడు. వదినను మాత్రం వదల్లేదు. సోమవారం నుంచి లైను మీద కనబడొద్దన్నాడు. వెనక గోదాములో ఖాళీ అట్టపెట్టెలు మడిచే పని చూసుకోమన్నాడు, ఇష్టం లేకపోతే ఇల్లే మేలన్నాడు.

సాయంత్రం షేర్ ఆటోలో బాటా చౌక్ దాకా కలిసే వెళ్లాం. దిగేటప్పుడు అంది. "ఉజ్జోగం పోతే పోయిందిలే అమ్మాయ్, మా ఆయన సంపాదన ఉంది. ఆ గోదాములో గోడకేసి చూత్తా కూచోలేను. రోజూ ఆ మొహాలు చూడకుండా నావల్ల కాదు." కొంగుతో కళ్లద్దుకుంది. నాకూ ఏడుపొచ్చింది, ఆ ఉత్తరం రాసినవాణ్ణి అక్కడే నిలబడి తిట్టిపోశాను.

వాడు అన్నమాట ప్రకారం శనివారం దిగాడు. కొండ దారిన గుర్గావ్ నుంచి మోటారు సైకిలు మీద వచ్చాడు, ఇరవై ఆరేళ్లుంటాయి, సెలవు రోజున కూడా మెడలో ఆఫీసు బిళ్ల వేలాడుతోంది. ఖురానా సాబ్ ఆ రోజు రాలేదు. గేటు దగ్గర వాచ్‌మన్ కబురు పంపితే నేనే వెళ్లాను. వెనకాలే వదిన.

"ఇదుగో, ఈ పెద్దమనిషేనట వదినా. నీ కొంప ముంచింది వీడే" అన్నాను.

"ఆంటీ, మీరు తెలుగా?" అన్నాడు వాడు, మొహం చేటంత చేసుకుని. "నా పేరు వరుణ్. మా డాడీది వరంగల్. నేను ఇక్కడే పుట్టిన. తెలుగు సమఝ్‌లో వస్తది, మాట్లాడ్డం థోడా థోడా."

తిట్లన్నీ అర్థమయ్యాయన్నమాట. కాస్త సిగ్గేసింది. క్యాంటీన్ రేకుల కింద కూర్చోబెట్టి టీ ఇప్పించాను. వాడు వీపు సంచి తీసి, లోపలి నుంచి మా బొమ్మల్నే ఒక్కొక్కటీ బయట పెట్టాడు. ఒక్కో అట్టకు పైన మళ్లీ ఒక పలకలాంటి ప్లాస్టిక్ తొడుగు. చంటిపిల్లాడి నెత్తి పట్టుకున్నట్టు రెండు అంచులూ పట్టుకుని పెడుతున్నాడు. నేను ఒకటి అందుకోబోయాను.

"ఆంటీ! కార్నర్!" అని కేకేశాడు.

"ఏమైందిరా?"

"కార్నర్ మడత పడ్తది. పడితే మింట్ కాదు."

పుదీనా సంగతి కాదట. ఫ్యాక్టరీలోంచి వచ్చినట్టే ఉండటమట. అట్ట మూల నలగకూడదు, తగిలించే రంధ్రం చిరగకూడదు, బుల్బులా సొట్టపడకూడదు. వాడి దగ్గర రకానికి మూడేసి ఉన్నాయట, ఒక్కటీ విప్పలేదట.

"మరి ఆడుకునేదెప్పుడు బాబూ?" అంది వదిన.

"ఆడను ఆంటీ. గోడకు పెట్టి చూస్త. ఒక్కటి చెప్పనా? రేటు స్టిక్కర్ వేస్తరు కదా, సీదా బిజిలీ మొహం మీద! తీస్తే ప్రింటు లేస్తది, తీయకుంటే మొహం కనిపించది. ఎవరు వేస్తరు ఆంటీ అట్ల? దిమాగ్ ఉందా వాళ్లకు?"

ఆ స్టిక్కర్ వేసేది నేనే. ఇంకో గుక్క టీ తాగాను.

వాడూ వాడి స్నేహితులూ ఇలాంటివాళ్లు ఢిల్లీ చుట్టుపక్కల ముప్పై మంది ఉన్నారట. కొత్త ప్యాకింగ్ వచ్చాక వాళ్లలో ఒకడికి లాజ్‌పత్ నగర్‌లో చుక్క ఉన్న బిజిలీ దొరికాడు. సీలు చెదరలేదు కాబట్టి చుక్క ఫ్యాక్టరీలోనే పడిందని తేలిపోయింది. ఆ తర్వాత ఇంకో ముగ్గురికి దొరికారు. ఇంక చూడండి, ఇంటర్నెట్లో వాళ్లు కబుర్లాడుకునే ఆర్కుట్‌లో పద్నాలుగు పేజీల వాదన! ఒకడు రహస్య సంకేతమన్నాడు, ఒకడు మూల అచ్చు గుర్తన్నాడు, వరుణ్ ఏమో మొత్తం బొమ్మల్లో కంపెనీ కావాలని దాచిన అరుదైన వరస అని ఒట్టేసి చెప్పాడు. నాలుగు నెలలుగా ప్రతి ఆదివారం బొమ్మల కొట్లలో దూరి బిజిలీ కాళ్లు చూస్తున్నాడట.

"దిష్టిచుక్క నాయనా అది" అంది వదిన. "నేనే పెట్టాను. ముద్దొచ్చాడని."

వాడు గుడ్లు మిటకరించాడు. "నజర్ కా టీకా?" అన్నాడు. ఆ తర్వాత నవ్వడం మొదలుపెట్టి బల్ల మీద పడిపోయాడు. "మా మమ్మీ నాకు పెట్టేది ఆంటీ! స్కూల్ ఫోటోలో కూడా ఉంది! పద్నాలుగు పేజీలు!"

నవ్వి నవ్వి ఒక్కసారిగా ఆగాడు. "ఆంటీ, బిజిలీకేనా? మిగిలిన ఐదుగురికి?"

"ఎవడు ముద్దొత్తే వాడికి. అందరూ నా పిల్లలే కదా."

వరుణ్ తన సంచి వైపు చూశాడు. మిగిలిన ఐదుగురూ నిలబడి ఉంటారు, అరికాళ్లు బుల్బులా లోపలి ప్లాస్టిక్ పళ్లెం మీద ఆనుకుని ఉంటాయి, ఎటు నుంచీ కనబడవు. తన దగ్గరున్న వాళ్లలో చుక్కవాడు ఉన్నాడో లేడో తెలియాలంటే అట్ట చింపాలి. చింపితే అది ఎందుకూ పనికిరాదు. వాడి మొహంలో ఆ సంగతి మెల్లగా దిగడం నేను కళ్లారా చూశాను, అంత ఆనందం ఈ మధ్యకాలంలో ఎరగను. స్టిక్కర్ మాటకు చెల్లుకు చెల్లు అనుకున్నాను.

"విప్పి చూసుకో, దానికేముంది!" అంది వదిన.

"వద్దాంటీ! విప్పితే అది ఇంక అది కాదు." ఒక అట్టను తలకిందులు చేశాడు, ఎండకు పెట్టాడు, సెల్‌ఫోను వెలుతురు వేసి చూశాడు. ఏమీ కనబడలేదు. "పోనీ ఆంటీ, నాకు ఒకటి చుక్క పెట్టి ఇవ్వండి" అన్నాడు.

"అడిగితే పెట్టేది కాదు నాయనా" అంది వదిన.

అప్పుడు చెప్పాను సోమవారం సంగతి. వాడి ఉత్తరం వల్ల ఈవిడ లైనులోంచి పోతోందని. వాడి మొహంలో నెత్తురు చుక్క లేదు. "నేను కంప్లయింట్ రాయలేదాంటీ. ఇష్టం కాబట్టి రాసిన" అన్నాడు. సోమవారం వస్తానని చెప్పి వెళ్లిపోయాడు.

వచ్చాడు. ముగ్గురు స్నేహితుల్ని కూడా వెంటబెట్టుకుని, ఆఫీసుకు సెలవు పెట్టి మరీ వచ్చాడు. నలుగురూ ఖురానా సాబ్ గదిలో గంటసేపు కూర్చున్నారు. వదిన గోదాములోకి వెళ్లలేదు, ఇంటికీ వెళ్లలేదు, టిఫిను సంచి పట్టుకుని నా బల్ల పక్కన నిలబడింది. గది తలుపు తీసేసరికి మాలిక్ మొహం దీపావళిలా ఉంది.

"లీలాజీ! మీరు బంగారం! ఈ చుక్క కోసం జనం కొట్లన్నీ గాలిస్తున్నారట!" అన్నాడు. "లైను మీదే, ఇన్‌చార్జిగానే ఉండండి. ఇవాళ్టి నుంచి ప్రతి బొమ్మకూ కాలా టీకా. రబ్బరు ముద్ర చేయిస్తాను, గంటకు ఆరొందలు వేయొచ్చు!"

నేను గట్టిగా ఊపిరి పీల్చుకున్నాను. గట్టెక్కాం అనుకున్నాను. వదిన సంగతి తెలిసి కూడా అలా అనుకోవడం నా బుద్ధి తక్కువ.

"వద్దు సాబ్" అంది వదిన.

"ఏం?"

"అన్నిటికీ పెడితే అది దిష్టిచుక్క కాదు, మచ్చ."

వరుణ్ కూడా అందుకున్నాడు. అందరికీ ఉంటే తాము వెతికేది దేనికి అన్నాడు. ఖురానా సాబ్ ఆలోచించి దిగొచ్చాడు. సరే, లాట్‌కు ముప్పై, ఆఫీసు నుంచి వరస నంబర్లు పంపిస్తాను, ఆ నంబరు బొమ్మలకు పెట్టమన్నాడు.

"నంబరు చూసి ఎలా పెడతాను సాబ్? నాకు ముద్దు రావాలి కదా."

"ఇది నా ఫ్యాక్టరీ!" బల్ల మీద గుద్దాడు. "నేను పెట్టమన్నచోట పెట్టండి, లేదంటే ఇప్పుడే వెళ్లండి."

వదిన వెనుదిరిగింది. సంచి భుజానికి తగిలించుకుంది. లైనులో నలభై మంది చేతులు ఆగిపోయాయి. బెల్టు మీద బొమ్మలు మాత్రం వస్తూనే ఉన్నాయి, తీసేవాళ్లు లేక చివరన కుప్పపడుతున్నాయి. పదకొండేళ్లు ఆ బెల్టు పక్కన నిలబడ్డ మనిషి దాని వైపు చూడకుండా గుమ్మం కేసి నడుస్తోంది. చూస్తే వెళ్లలేనని చూడటం లేదు, నాకు తెలుసు.

నాకు ఒళ్లు మండిపోయింది. ముందే చెప్పానుగా, కోపం నాది.

"సాబ్‌జీ!" అన్నాను లేచి. నా గొంతు నాకే కొత్తగా వినబడింది. "ఆ చుక్కలున్నవాటిని ఇన్నేళ్లూ చూసి చూసి పాస్ చేసింది నేను. పంపితే నన్నూ పంపండి. కానీ ఒక్క మాట చెప్పండి. ఈ బొమ్మలు లక్షలు అమ్మారు కదా, ఒక్కసారైనా ఒక్కదాని మొహం చూశారా మీరు? ఆవిడ దేన్ని చూసి ఆగుతుందో మీకేం తెలుసని నంబర్లు పంపిస్తానంటున్నారు?"

అయిపోయింది, రేపటి నుంచి ఇంట్లోనే అనుకున్నాను. ఖురానా సాబ్ నా వైపు చూశాడు, గుమ్మంలో ఆగిన వదిన వైపు చూశాడు. చొక్కా చేతులు పైకి మడుచుకున్నాడు.

"చూపించండి" అన్నాడు.

వచ్చి బెల్టు పక్కన నిలబడ్డాడు. వదిన వెనక్కి వచ్చి ఆయన పక్కన నిలబడింది. ఆడవాళ్లు మళ్లీ పని అందుకున్నారు. బిజిలీలు ఒకరి వెనక ఒకరు వస్తున్నారు.

"ఇదా?" అన్నాడు ఆయన, రెండు నిమిషాలు కూడా కాకుండానే.

"కాదు సాబ్."

"మరి ఇది? రంగు బాగుంది."

"రంగు బాగుంది. వాడు కాదు."

"ఇది?"

"మీరు నన్ను చూసి అడుగుతున్నారు సాబ్. నన్ను కాదు, వాణ్ణి చూడండి."

మేనల్లుడు వచ్చి ఏదో ఫోను ఉందని చెప్పాడు. ఆయన చేత్తో వెళ్లమన్నాడు. ఇరవై నిమిషాలు గడిచాయి. అడగడం మానేశాడు. మొదట్లో సంచులు లెక్కపెట్టేవాడిలా చూశాడు, తర్వాత్తర్వాత మెడ కాస్త వంచి చూడటం మొదలుపెట్టాడు. ఒకణ్ణి చూసి చిన్నగా నవ్వాడు కూడా, కానీ పోనిచ్చాడు. వరుణ్ వాళ్లు గోడకు ఆనుకుని కదలకుండా నిలబడ్డారు. వదిన ఒక్క మాట సాయం చేయలేదు.

ఉన్నట్టుండి ఆయన చెయ్యి ముందుకు వెళ్లింది. ఒక బిజిలీని తీశాడు. కుడి కనుబొమ్మ కాస్త వంకర, మూతి బిగించుకుని ఉన్నాడు, బడికి వెళ్లనని మొండికేసిన పిల్లాడి వాలకం. నా బల్ల మీదికి వస్తే ఆ కనుబొమ్మకు ఎర్ర తొట్టెలో పడేసేదాన్నేమో కూడా. ఖురానా సాబ్ వాణ్ణి మొహానికి దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూశాడు.

"ఇదెందుకో..." అన్నాడు. "లీలాజీ, వీడు నన్నే చూస్తున్నాడు."

వదిన ఈసారి కాదనలేదు. భరిణె మూత తీసి ఆయన ముందు పట్టింది. "అయితే మీరే పెట్టండి."

ఆయన వేలు ముంచాడు. అరికాల్లో పెట్టాడు, మరీ పెద్దది పెట్టాడు, సగం పాదం నల్లబడింది. ఎవరూ నవ్వలేదు. ఇంక బెల్టు మీద పెట్టేస్తాడనుకున్నాం. పెట్టలేదు. రెండు చేతుల్లో పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

"లీలాజీ, దీన్ని అమ్మాల్సిందేనా?" అన్నాడు.

ముప్పై ఏళ్లుగా బొమ్మలు అమ్ముతున్న మనిషి ఆ మాట అడిగితే నేను చేతిలో బొమ్మను బల్ల మీద పెట్టేసి చూశాను. వదిన మాత్రం, రోజూ పన్నెండొందల మందిని సాగనంపే మనిషి, ఆయన భుజం తట్టినంత మెత్తగా చెప్పింది.

"పంపాలి సాబ్. బయటికెళ్లే బిడ్డకే కదా చుక్క పెడతాం. ఇంట్లోనే ఉండేవాడికి చుక్కెందుకు?"

ఖురానా సాబ్ తల ఊపాడు. వాణ్ణి బుల్బులాలో జాగ్రత్తగా పడుకోబెట్టి, అట్ట కప్పి, మూలలు సరిచూసి, సీలు మెషీను పెడల్ తనే తొక్కాడు.